పదవిలో ఉన్నవారి ఇంటి గడప

ఖమ్మంలో బస్సెక్కి కొత్తగూడెం, పాల్వంచ దాటితే దారికి రెండు వైపులా అడవి మొదలవుతుంది. భద్రాచలం చేరేసరికి గోదావరి వంతెన కనిపిస్తుంది. ఇంత ప్రయాణంలో మాటలకు కొదవ ఉండదు. ఎన్నికల రోజులైతే చెప్పనక్కరలేదు. ఫలానా నాయకుడు ఎన్ని ఇళ్ళు కట్టాడు, భార్యతో ఎందుకు మాట్లాడడం లేదు, కూతురు ఎవరిని పెళ్ళాడింది, ఏ జబ్బుకు హైదరాబాదులో చూపించుకుంటున్నాడు - అన్నీ అక్కడే తేలిపోతాయి. ఒకరి ఫోన్‌లోని వీడియో పది ఫోన్లకు పాకుతుంది. 'ఇదంతా మనకెందుకండీ' అని ఎవరైనా అంటే, 'పదవిలోకి వచ్చాక ఇక సొంత జీవితమేమిటి? అంతా ప్రజలదే' అని జవాబు వస్తుంది.

అదే నాయకుడి ఆస్తుల గురించి, ఆయనకు అందిన కానుకల గురించి అడిగి చూడండి. ఆయన మనుషుల నోట మరో జవాబు వస్తుంది: 'అది ఆయన సొంత విషయం. మీకెందుకు?'

ఈ రెండు జవాబులలో ఏది సరైనది? ఇస్లాం బోధనల వెలుగులో చూస్తే రెండూ సరైనవి కావు. మొదటి జవాబు మనిషి ఇంటి గడపను చెరిపేస్తుంది. రెండవది ప్రజల అమానతును ఆ గడప లోపల దాచేస్తుంది. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ ఉందో తెలుసుకోవడం ప్రతి ముస్లిం కుటుంబానికి అవసరం. ఎందుకంటే ఆ గీతను మనం రోజూ దాటుతున్నాం. ఒక్కోసారి నాలుకతో, ఒక్కోసారి బొటనవేలితో.

ప్రవక్త ఇంటికీ గడప ఉంది

మానవ చరిత్రలో దైవప్రవక్త ముహమ్మద్ (స) జీవితమంత బహిరంగంగా గడిచిన జీవితం మరొకటి లేదు. ఆయన తిండి, నిద్ర, నడక, నవ్వు అన్నీ సహాబాలు చూశారు, గుర్తుంచుకున్నారు, మనదాకా చేర్చారు. ఆయన నాయకుడు, న్యాయమూర్తి, సేనాధిపతి, ఇమాం. 'అంతా ప్రజలదే' అనే మాట ఎవరి విషయంలోనైనా చెల్లేదంటే అది ఆయన విషయంలోనే చెల్లాలి.

కాని దివ్య ఖుర్ఆన్ ఏం నేర్పింది? సూరా అల్ అహ్‌జాబ్ 53వ వాక్యం చూడండి. ప్రవక్త ఇంట్లోకి అనుమతి లేకుండా వెళ్ళరాదనీ, భోజనానికి పిలిస్తే వెళ్ళి, తిన్నాక కబుర్లు చెప్పుకుంటూ కూర్చోరాదనీ విశ్వాసులను హెచ్చరిస్తోంది. అలా కూర్చోవడం వల్ల ఆయనకు ఇబ్బంది కలిగేదనీ, అయినా ఆయన మొహమాటంతో చెప్పేవారు కాదనీ అల్లాహ్ స్వయంగా తెలియజేశాడు. సూరా అల్ హుజురాత్ 4వ వాక్యం ఆయన గదుల బయట నిలబడి కేకలు వేసి పిలిచేవారిని మందలించింది. అంటే నాయకుడికి కూడా తలుపు వేసుకునే హక్కు ఉంది.

ఒకసారి ఒక వ్యక్తి దైవప్రవక్త (స) గదిలోకి కంతలోంచి తొంగి చూశాడు. ఆ సమయంలో ఆయన చేతిలో తల దువ్వుకునే సాధనం ఉంది. ఆ చూపు ఆయనకు ఎంతో కష్టం కలిగించింది. నువ్వు చూస్తున్నావని తెలిస్తే దీనితో నీ కంట్లో పొడిచేవాణ్ణని కఠినంగా మందలించారు. ఇంట్లోకి అనుమతి అడగాలన్న నియమం పెట్టిందే కంటి చూపును ఆపడానికని వివరించారు. ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. నేడు ఆ కంత మన అరచేతిలో ఇమిడిపోయింది. దానికి కెమెరా కూడా తోడైంది.

ఈ నియమం పాలితులకే కాదు, పాలకులకూ వర్తిస్తుంది. హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి మదీనా వీధుల్లో గస్తీ తిరుగుతూ ఒక ఇంట్లోంచి పాటలు వినిపిస్తే గోడ ఎక్కి లోపలికి దిగిన సంఘటన గ్రంథాల్లో ప్రసిద్ధం. లోపలి వ్యక్తి మద్యం దగ్గర పట్టుబడ్డాడు. కాని అతను ఖలీఫాతో అన్న మాటల సారాంశం ఇది: నేను ఒక్క తప్పు చేశాను. మీరు మూడు చేశారు. కూపీ లాగవద్దన్నాడు అల్లాహ్, మీరు లాగారు. ఇళ్ళల్లోకి ద్వారాల గుండా రమ్మన్నాడు, మీరు గోడ దూకారు. అనుమతి అడిగి, సలాం చెప్పి రమ్మన్నాడు, మీరు ఆ పనీ చేయలేదు. హజ్రత్ ఉమర్ (రజి) వాదించలేదు. అతన్ని క్షమించి, అతను మారతానంటే బయటికి వచ్చేశారు. అంత గొప్ప పాలకుడికి కూడా మంచి ఉద్దేశం గోడ దూకడానికి సాకు కాలేకపోయింది.

పదవికి లెక్క ఉంది

ఇక రెండవ వైపు చూద్దాం. దైవప్రవక్త (స) ఒక వ్యక్తిని జకాత్ వసూలుకు పంపారు. అతను తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా ఇచ్చారు అని సొమ్మును రెండు భాగాలు చేశాడు. ఆయన మింబర్ ఎక్కి అందరి ఎదుట ఈ విషయం మాట్లాడారు. ఇతను తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని ప్రశ్నించారు. అలా అన్యాయంగా తీసుకున్నది ప్రళయ దినాన మెడ మీద మోసుకుని రావలసి ఉంటుందని హెచ్చరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది.

ఆ ప్రశ్నను మరొకసారి మనసులో వేసుకోండి. పదవి లేకుండా ఇంట్లో కూర్చుంటే ఇది వచ్చేదా? రాదు అనుకుంటే అది సొంత విషయం కాదు. కానుక అన్నా, పెళ్ళి చదివింపు అన్నా, బంధువు పేరున రాసినా సరే.

హజ్రత్ ఉమర్ (రజి) ఎవరినైనా ఒక ప్రాంతానికి పాలకునిగా పంపేటప్పుడు అతని ఆస్తిని ముందుగా రాయించేవారు. తిరిగి వచ్చాక పెరిగినదానికి లెక్క అడిగేవారు. స్వయంగా ఆయననే ఒకరు అందరి ఎదుట నిలదీసిన సంఘటన కూడా ప్రసిద్ధమే. అందరికీ ఒక్కో గుడ్డ ముక్క వంతు వస్తే మీకు ఇంత పొడవు చొక్కా ఎలా కుట్టించుకోగలిగారని ఆ మనిషి అడిగాడు. ఒంటి మీది చొక్కాకు మించిన సొంత వస్తువు ఏముంటుంది? అయినా ఆయన నీకెందుకు అనలేదు. తన కుమారుడు అబ్దుల్లాహ్ (రజి)ను లేపి, తన వంతు కూడా తండ్రికి ఇచ్చానని అతని చేతే చెప్పించారు. బట్ట ఆయనదే కాని, పంచింది బైతుల్‌మాల్. అందుకే ఆ ప్రశ్న న్యాయమైనది.

మన ప్రాంతంలో పెద్దలు చెప్పే కథలోనూ ఈ తేడా కనిపిస్తుంది. 17వ శతాబ్దంలో పాల్వంచ తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న పన్నుల సొమ్ముతో భద్రాచలం ఆలయం కట్టించాడనీ, గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా ఆయనను కోటలో ఖైదు చేశాడనీ ఇక్కడ చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఆ కథలో సుల్తాను అడిగింది గోపన్న పూజ గురించి కాదు, ఖజానా లెక్క గురించి. భక్తి ఆయన మనసుది, సొమ్ము రాజ్యానిది.

అనుమానం రాకముందే చెప్పిన నాయకుడు

ఈ రెండు వైపుల మధ్య ఒక అందమైన సంఘటన ఉంది. దైవప్రవక్త (స) మస్జిదులో ఏతెకాఫ్‌లో ఉండగా ఆయన సతీమణి హజ్రత్ సఫియా (రజి) రాత్రివేళ చూడడానికి వచ్చారు. తిరిగి వెళుతున్నప్పుడు ఆయన సాగనంపడానికి లేచారు. ఇద్దరు అన్సార్ సహాబీలు అటుగా వెళుతూ ఆయనను చూసి అడుగు వేగం పెంచారు. ఆయన వారిని ఆపి, ఈమె సఫియా అని చెప్పారు. మీ గురించి మేము అనుమానిస్తామా అని వారు నొచ్చుకుంటే, షైతాన్ మనిషిలో రక్తంలా పారుతుంటాడనీ, మీ మనసుల్లో ఏదైనా వేస్తాడని భయపడ్డాననీ అన్నారు.

ఇందులో మూడు పాఠాలున్నాయి. ఆ సహాబీలు ఆరా తీయలేదు, తల వంచుకుని వెళ్ళిపోయారు. అది ప్రజల మర్యాద. నాయకుడు అనుమానానికి తావు లేకుండా తానే వివరించారు. అది నాయకుని బాధ్యత. ఆయన చెప్పింది అవసరమైన ఒక్క మాటే, ఇంటి సంగతులన్నీ కాదు. అది ఆ రెంటి మధ్య గీత.

మన చట్టం ఏమంటోంది?

విశేషమేమిటంటే మన దేశపు న్యాయస్థానాలు కూడా క్రమంగా ఇలాంటి గీత దగ్గరికే వచ్చాయి. 1994లో తమిళనాడుకు సంబంధించిన రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసినవారు. ప్రతి పౌరునికీ తన కుటుంబం, వివాహం, సంతానం వంటి విషయాల్లో ఇతరుల జోక్యం లేకుండా ఉండే హక్కు ఉందని ఆ తీర్పు చెప్పింది. అయితే ప్రభుత్వ పదవిలో ఉన్నవారు తమ అధికార విధులకు సంబంధించిన పనుల విషయంలో ఆ హక్కును అడ్డం పెట్టుకోలేరని కూడా చెప్పింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చింది.

మరోవైపు, 2002లో సుప్రీంకోర్టు అభ్యర్థి ఆస్తులు, అప్పులు, క్రిమినల్ కేసులు తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని తీర్పు చెప్పింది. నామినేషన్‌తో పాటు అఫిడవిట్ ఇవ్వడం దాని ఫలితమే.

ఈ అఫిడవిట్ ఎంత బరువైన కాగితమో మన కొత్తగూడెం చూసింది. 2018 ఎన్నికల్లో అక్కడ వనమా వెంకటేశ్వరరావు గెలిచారు. ఆయన అఫిడవిట్‌లో ఆస్తుల వివరాలు పూర్తిగా చూపలేదంటూ ప్రత్యర్థి జలగం వెంకటరావు హైకోర్టుకు వెళ్ళారు. 2023 జూలై 25న తెలంగాణ హైకోర్టు ఆ ఎన్నిక చెల్లదని తీర్పు ఇచ్చి, జలగం గెలిచినట్టు ప్రకటించింది. వనమా సుప్రీంకోర్టును ఆశ్రయించగా ఆగస్టులో ఆ తీర్పుపై స్టే వచ్చింది. ఆ ఏడాది నవంబరులోనే మళ్ళీ ఎన్నికలు జరిగాయి. ఎవరిది తప్పు అని తేల్చడం కోర్టుల పని, మనం తీర్పు చెప్పరాదు. మనం గ్రహించవలసింది ఒక్కటే: ఓటు అడిగిన మనిషి తన ఆస్తి లెక్కను సొంత విషయమని అనలేడు.

అలాగని అతని బీరువా అంతా వీధిలో పరచాలా? 2024 ఏప్రిల్‌లో అరుణాచల్ ప్రదేశ్‌కు చెందిన ఒక ఎన్నిక కేసులో సుప్రీంకోర్టు దీనికీ జవాబు చెప్పింది. పోటీ చేసినంత మాత్రాన అభ్యర్థి తన జీవితమంతా ఓటర్ల ముందు విప్పి చూపనవసరం లేదనీ, అభ్యర్థిత్వంతో సంబంధం లేని విషయాల్లో అతనికి గోప్యత ఉందనీ తెలిపింది. ఇంట్లోని ప్రతి చిన్న వస్తువునూ చూపనక్కరలేదు. గణనీయమైనదైతే చూపాలి.

గీత దాటితే ఏమవుతుంది?

అడవుల్లో మావోయిస్టుల కదలికలపై నిఘా కోసం పోలీసు శాఖలో స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో పనిచేస్తుందని మన సరిహద్దు గ్రామాలవారికి తెలియనిది కాదు. ఆ బ్యూరోలోని కొందరు అధికారులు ప్రతిపక్ష నాయకులు, వ్యాపారులు మొదలైనవారి ఫోన్లు అక్రమంగా విన్నారన్న ఆరోపణపై 2024 మార్చిలో హైదరాబాదు పంజాగుట్ట పోలీసులు కేసు నమోదు చేశారు, అరెస్టులు జరిగాయి. నిజానిజాలు న్యాయస్థానం తేల్చవలసినవి. కాని ఫోన్ సంభాషణ గోప్యతలో భాగమనీ, చట్టం చెప్పిన పద్ధతి లేకుండా వినరాదనీ సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఎదుటివాడు రాజకీయ నాయకుడైనంత మాత్రాన అతను భార్యతో, వైద్యునితో, తల్లితో మాట్లాడే మాటలు ఎవరి సొత్తూ కావు. పాలకుడు ప్రజల లోపాల వెంట పడితే వారిని చెడగొట్టినవాడవుతాడన్న ప్రవక్త (స) హెచ్చరిక సునన్ అబూ దావూద్‌లో ఉంది.

2009 డిసెంబరులో మరో సంఘటన జరిగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఎన్.డి. తివారీవని చెబుతూ రాజ్‌భవన్ దృశ్యాలను ఒక తెలుగు వార్తా ఛానల్ ప్రసారం చేసింది. హైకోర్టు ప్రసారం ఆపమని ఆదేశించింది. ఆయన ఆరోపణలను ఖండించారు. ఆరోగ్య కారణాలు చూపుతూ డిసెంబరు 26న రాజీనామా చేశారు. ఇలాంటి సందర్భంలో విశ్వాసి ఎలా ఉండాలి? పదవిని దుర్వినియోగం చేశారా, పదవి చూపి ఎవరికైనా ప్రలోభం చూపారా అన్న ప్రశ్న ప్రజలది. దాన్ని తగిన అధికారుల ముందు, సాక్ష్యాలతో అడగాలి. కాని ఆ దృశ్యాలను పదేపదే చూడడం, పిల్లల ఎదుట నవ్వుకుంటూ మాట్లాడడం ఏ ప్రశ్నకూ జవాబు కాదు. నీచత్వం విశ్వాసుల మధ్య వ్యాపించాలని కోరుకునేవారికి ఇహపరాల్లో బాధాకరమైన శిక్ష ఉందని సూరా అన్నూర్ 19వ వాక్యం హెచ్చరిస్తోంది.

మూడు ప్రశ్నల కొలబద్ద

గీబత్ ఎప్పుడు పాపం, ఎప్పుడు అనుమతి అన్న విషయాన్ని ధర్మవేత్తలు స్పష్టం చేశారు. ఇమాం నవవీ (రహ్మ) రియాజుస్సాలిహీన్‌లో ఆరు సందర్భాలు చెప్పారు. అన్యాయానికి గురైనవాడు ఫిర్యాదు చేయడం, ఇతరులను హాని నుంచి హెచ్చరించడం వాటిలో ఉన్నాయి. పదవిలో ఉండి బాధ్యత సరిగా నిర్వర్తించనివాని సంగతి అతనిపై అధికారం ఉన్నవారికి తెలియజేయడం కూడా ఉంది. నేటి వ్యవస్థలో పదవి ఇచ్చేవాడు, తీసేవాడు ఓటరే కనుక అతనికి తెలియవలసినది తెలియాలి. ఆ మేరకే తెలియాలి.

కనుక ఒక నాయకుని గురించి ఏదైనా విన్నప్పుడు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది: ఇది అమానతుకు తగిలే విషయమా? ఆస్తులు, కానుకలు, కాంట్రాక్టులు, బంధువులకిచ్చిన ఉద్యోగాలు, అధికారం చూపి చేసిన దౌర్జన్యం - ఇవి తగులుతాయి. భార్యాభర్తల తగవు, పిల్లల చదువు, వెనకటి జీవితంలో చేసి తౌబా చేసుకున్న తప్పు - ఇవి తగలవు. జబ్బు ఆయన సొంతం. ఆ జబ్బు వల్ల పని ఆగిపోతే, పని ఎందుకు ఆగిందని అడగవచ్చు.

రెండవది: ఇది నిజమని నాకు ఎలా తెలుసు? వార్త తెచ్చినవాడు దుర్మార్గుడైతే విచారించి తెలుసుకోమని సూరా అల్ హుజురాత్ 6వ వాక్యం ఆదేశిస్తోంది. ఎవరు తీశారో తెలియని వీడియోకు ఈ ఆదేశం మరింతగా వర్తిస్తుంది.

మూడవది: నేను ఎవరితో చెబుతున్నాను, ఎందుకు చెబుతున్నాను? సరిదిద్దగలిగినవారితోనా, నవ్వుకునేవారితోనా?

ముందు మన ఇంట్లో, మన మస్జిదులో

పబ్లిక్ మనిషి అంటే మంత్రి, ఎమ్మెల్యే మాత్రమే అనుకోకండి. వార్డు మెంబరు, సర్పంచు, రేషన్ డీలరు, మస్జిద్ కమిటీ సదరు, ముతవల్లీ - వీరంతా ఏదో ఒక అమానతు మోసేవారే. మస్జిదుకు వచ్చిన చందా, షాపుల అద్దె, రంజాన్‌లో వసూలైన ఫిత్రా లెక్క అడిగితే 'నా మీదే అనుమానమా' అని అలగడం సరికాదు. హజ్రత్ ఉమర్ (రజి) అలగలేదు. లెక్క నోటీసు బోర్డు మీద పెడితే అలకకు తావే ఉండదు. అలాగే లెక్క అడగడానికి నోరు రానివారు ఇమాం సాహెబ్ ఇంట్లో ఏం వండారో, ఆయన భార్య పుట్టింటికి ఎందుకు వెళ్ళిందో చర్చించడం అంతకన్నా తప్పు.

ముఖ్యంగా పదవుల్లోకి వచ్చిన స్త్రీల విషయంలో జాగ్రత్త అవసరం. స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలకు కేటాయించాక మన పల్లెల్లోనూ ఎందరో స్త్రీలు ఆఫీసులకు, మీటింగులకు వెళుతున్నారు. పురుషుడు రాత్రి పదింటికి ఇల్లు చేరితే పని ఉందంటారు. స్త్రీ చేరితే కథ అల్లుతారు. ఈ కథలు ఒక కుటుంబాన్ని కూల్చగలవు. శీలవతులపై నింద వేసి నలుగురు సాక్షులను తేలేనివారికి సూరా అన్నూర్ ఎనభై కొరడా దెబ్బల శిక్ష చెప్పింది. ఆ తర్వాత వారి సాక్ష్యం చెల్లదు.

విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి)పై మదీనాలో నింద పుట్టినప్పుడు నాయకుని ఇంటి సంగతని జనం నెలరోజుల పాటు మాట్లాడుకున్నారు. హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట్లోనూ ఆ మాట వచ్చింది. భార్య, జనం అంటున్నది విన్నారా అని అడిగారు. ఆయన, నువ్వయితే అలాంటి పని చేస్తావా అని ఎదురు ప్రశ్న వేశారు. అల్లాహ్ సాక్షిగా చేయను అన్నారామె. ఆయిషా నీకంటే శ్రేష్ఠురాలు కదా అన్నారాయన. ఆ పుకారు ఆ గడప దగ్గరే ఆగిపోయింది. ఊరంతా మాట్లాడుతున్నా ఒక ఇల్లు ఆగగలదని వారు చూపించారు.

ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) గురించి ఒక సంగతి ప్రసిద్ధం. రాత్రివేళ రాజ్యం పని చూస్తున్నప్పుడు బైతుల్‌మాల్ నూనెతో దీపం వెలిగేది. వచ్చిన మనిషి ఆయన కుటుంబం గురించి అడగగానే ఆ దీపం ఆర్పి తన సొంత దీపం వెలిగించేవారట. పదవిలో ఉన్నవారు ఆ రెండు దీపాలను కలపకుండా ఉంటే, ప్రజలు రెండవ దీపం వెలుగులోకి తొంగి చూడకుండా ఉంటే, ఖమ్మం నుంచి భద్రాచలం దాకా బస్సులో మాట్లాడుకోవడానికి మిగిలేది పనికొచ్చే మాటే.

అల్లాహ్ మనకు అమానతు లెక్క అడిగే ధైర్యాన్నీ, ఇతరుల లోపాలను కప్పే హృదయాన్నీ ప్రసాదించుగాక! ఇహలోకంలో తోటి ముస్లిం లోపాన్ని కప్పినవారి లోపాలను ప్రళయ దినాన కప్పుతానన్న తన వాగ్దానంలో మనకూ చోటు ఇచ్చుగాక! ఆమీన్.

ఇంట్లో కలిసి ఆలోచించండి

1. ఈ వారం మీ ఫోన్‌కు వచ్చిన నాయకుల వీడియోల్లో ఎన్ని అమానతుకు సంబంధించినవి, ఎన్ని ఇంటి సంగతులు?

2. మీ వార్డు మెంబరునో, మస్జిద్ కమిటీనో మీరు చివరిసారి ఏ లెక్క అడిగారు? అడగకపోతే ఎందుకు అడగలేదు?

3. మీకే రేపు ఏదైనా బాధ్యత అప్పగిస్తే, అడగకముందే చెప్పవలసినవి ఏవి? ఎవరికీ చెప్పనక్కరలేనివి ఏవి?